జన్మస్థానం దగ్గర ఏం రాయాలి?

జైలు అనే మాటను సూటిగా పలకడం మన తెలుగువాళ్లకు అంతగా ఇష్టం ఉండదు. ఎవరినైనా పోలీసులు పట్టుకెళితే "అత్తారింటికి వెళ్లాడు" అంటాం. ఇంకొంచెం చమత్కారం కావాలనుకుంటే "శ్రీకృష్ణ జన్మస్థానం" అంటాం. అలా అన్నప్పుడు మన కళ్ల ముందు మెదిలేది ఏదో కుంభకోణంలో ఇరుక్కున్న నాయకుడో, చెయ్యి తిరిగిన దొంగో. ఆ మాటలో ఉన్న తల్లీబిడ్డలు మాత్రం గుర్తుకు రారు. ఆ కథలో జైల్లో ఉన్నది దేవకి. ఆమె ఏ నేరమూ చెయ్యలేదు. అక్కడ పుట్టిన బిడ్డ అదే రాత్రి ఆమెకు దూరమయ్యాడు.

జైల్లో తల్లీబిడ్డలు ఇప్పటికీ ఉన్నారు. జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో ఉన్నవారు 5,73,220 మంది. వారిలో మహిళలు 23,772. ఆ మహిళల్లో 1,537 మంది తమ పిల్లలను వెంట ఉంచుకుని ఉన్నారు. ఆ పిల్లల సంఖ్య 1,764. మనలాంటి నవోదయ విద్యాలయాలు మూడింటిని నింపగల సంఖ్య ఇది. ఆ తల్లుల్లో ఎక్కువమంది విచారణ ఖైదీలు. అంటే నేరం చేశారని ఏ కోర్టూ ఇంకా తేల్చలేదు. మహిళల కోసమే ప్రత్యేకంగా ఉన్న జైళ్లు 2022 చివరి నాటికి దేశం మొత్తం మీద ముప్పై నాలుగే. మిగిలిన మహిళలు మగవాళ్ల జైళ్లలోనే ఒక మూల గోడ కట్టి వేరు చేసిన ఆవరణల్లో ఉంటారు.

ఈ సంగతి విద్యాలయ పత్రికలో ఎందుకు అని మీరు అడగవచ్చు. నేను చెప్పదలచుకున్నది ఇదీ: మన పై తరగతుల విద్యార్థులు ఒక్కసారైనా మహిళా జైలుకు వెళ్లిరావాలి. అక్కడ పెరిగే పిల్లలు ఆరేళ్లు నిండగానే బయటికి వస్తారు. వచ్చి చేరేది మన బడుల్లోనే. వాళ్లను ఎలా చేర్చుకోవాలో నేర్చుకోవడానికి ఆ ప్రయాణం అవసరం.

ఆరేళ్ల లెక్క ఎక్కడిదో ముందు చూద్దాం. 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. కేసు పేరు ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. మన రాష్ట్రం పేరుతో ఉన్న ఈ తీర్పు గురించి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. తల్లితో జైల్లో ఉన్న బిడ్డను ఖైదీగా చూడకూడదని అందులో చెప్పారు. తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆటపాటలు ఆ బిడ్డకు హక్కుగా అందాలన్నారు. మూడేళ్ల లోపు వారికి శిశు సంరక్షణ కేంద్రం, మూడు నుంచి ఆరేళ్ల వారికి నర్సరీ ఉండాలన్నారు. ఆరేళ్లు నిండాక బిడ్డను తల్లి కోరిన బంధువులకు గానీ, సంక్షేమ శాఖ నడిపే సంస్థకు గానీ అప్పగించాలి. సంస్థలో ఉన్న బిడ్డకు వారానికి ఒక్కసారైనా తల్లిని చూసే వీలు కల్పించాలి.

ఇంకో మాట కూడా ఉంది. జైల్లో ఉన్న తల్లికి పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటుగా జైలు అని రాయకూడదు. ఆ ప్రాంతం చిరునామా మాత్రమే రాయాలి. ఒక కాగితం మీది గడి బిడ్డ జీవితాన్ని ఎంత దూరం వెంటాడుతుందో న్యాయమూర్తులకు తెలుసు. బడిలో దరఖాస్తులు నింపించే మనకు అది ఇంకా బాగా తెలియాలి.

మన రాజ్యాంగంలోని 21ఎ అధికరణం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కు చేసింది. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. బిడ్డ తల్లిని విడిచి జైలు గేటు దాటే వయసు, బడి గేటు దాటే వయసు ఒక్కటే. పలక పట్టుకుని వచ్చిన ఆ పిల్లవాడు తల్లిని విడిచి నెల కూడా కాకపోవచ్చు. ఆ విషయం టీచరుకు తెలిసే అవకాశం తక్కువ. తోటి పిల్లలకు తెలిస్తే మాత్రం వాడికి ఇక కష్టమే.

ఉద్యోగరీత్యా నేను చాలా రాష్ట్రాలు తిరిగాను. నవోదయలో తెలుగు చెప్పేవాళ్లకు ఇది మామూలే. వలస పథకం కింద తొమ్మిదో తరగతిలో మన తెలుగు పిల్లలు హిందీ ప్రాంతానికి వెళితే, వాళ్ల వెనకే మేమూ పెట్టె సర్దుకుంటాం. అలా ఒక హిందీ రాష్ట్రంలో పనిచేస్తున్నప్పుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థ వారు జాతీయ బాలికా దినోత్సవానికి మా విద్యాలయం నుంచి ఎనిమిది మంది ఆడపిల్లల్ని మహిళా జైలుకు తీసుకెళ్లారు. రంగు పెన్సిళ్లు, బొమ్మల పుస్తకాలు పట్టుకుని వెళ్లారు. ఆ ఎనిమిది మందిలో ఒకమ్మాయి మన తెలుగు పిల్ల. తిరిగి వచ్చాక తన తెలుగు నోటుబుక్కులో నాలుగు పేజీలు రాసి నాకు చూపించింది.

ఆ నాలుగు పేజీల్లో సినిమాల్లో చూపించే జైలు లేదు. బకెట్లు పట్టుకుని వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు ఉన్నారు. సాయంత్రం లెక్కపెట్టే వేళయిందని ఆట మధ్యలో తల్లి చెయ్యి పట్టుకోవడానికి పరుగెత్తిన పిల్లలు ఉన్నారు. నాలుగేళ్ల పిల్లవాడొకడు తన దగ్గరికి వచ్చి "మై ఆయీ" అన్నాడని రాసింది.

హిందీ రానివాళ్లకు ఇందులో వింత కనపడదు. మన భాషలో ఆడపిల్లయినా మగపిల్లవాడయినా "నేను వచ్చాను" అనే అంటారు. హిందీలో అలా కుదరదు. మగవాడు "మై ఆయా" అనాలి, ఆడవాళ్లు "మై ఆయీ" అనాలి. ఆ పిల్లవాడు పుట్టినప్పటినుంచి ఆడవాళ్ల మధ్యే ఉన్నాడు. వాడు విన్న మాటలు అవే, నేర్చుకున్నవీ అవే. ఇది ఒక్క పిల్లవాడి సంగతి కాదు. ఆడవాళ్ల ఆవరణలో పెరిగిన మగపిల్లలు స్త్రీలింగంలో మాట్లాడటం, రోడ్డు మీద జంతువులు కనపడితే బెదిరిపోవడం గురించి ఇందాక చెప్పిన సుప్రీంకోర్టు తీర్పులోనే ప్రస్తావన ఉంది.

మా విద్యార్థిని ఆ మాట విని నవ్వలేదు. ఎందుకంటే ఆ ఏడాది జూలైలో హిందీ ప్రాంతానికి వచ్చిన కొత్తలో ఆమె కూడా డైనింగ్ హాల్లో "మై ఆయా" అని పదిమంది చేత నవ్వించుకుంది. మన తెలుగు పిల్లలందరికీ అక్కడ మొదటి నెలలో జరిగేది అదే. ఆమె నోటుబుక్కులో ఇలా రాసింది: అక్కడ వాడిని ఎవరూ నవ్వరు, ఎందుకంటే అందరూ అలాగే మాట్లాడతారు. బడికి వెళితే నవ్వుతారు.

ఒక జైలు సందర్శన పద్నాలుగేళ్ల పిల్లకు ఇంతకంటే ఏం నేర్పాలి? బడిలో జరగబోయేది ఆమెకు అక్కడే కనపడింది.

ఇలాంటి సందర్శనలంటే తల్లిదండ్రులకు, కొందరు తోటి ఉపాధ్యాయులకు అభ్యంతరాలు ఉంటాయి. వాటిని కొట్టిపారేయకూడదు.

మొదటిది, పసి మనసుల మీద చెడు ప్రభావం పడుతుందన్న భయం. మన పిల్లలు సెలవుల్లో ఇంటికెళ్లి చూసే సినిమాల్లో జైలంటే కొట్లాటలు, తప్పించుకోవడాలు, ఊచలు వంచే హీరోలు. నిజం జైలు అంతకంటే చాలా నిశ్శబ్దమైన చోటు. అక్కడ ఎక్కువగా జరిగేది ఎదురుచూపు. వాయిదా కోసం, వకీలు కోసం, ములాఖత్ కోసం ఎదురుచూపు. ఎదురుచూడటం అంటే ఏమిటో హాస్టల్ పిల్లలకు మనం వివరించనక్కరలేదు. పేరెంట్స్ డే నాడు పొద్దున్నుంచి గేటు వైపే చూసే ఆరో తరగతి పిల్లల్ని అడగండి, చెబుతారు. తేడా ఏమిటంటే మన పిల్లలు అమ్మ ఎక్కడినుంచి వస్తుందో గొప్పగా చెప్పుకోగలరు. అన్నట్టు, మన పిల్లలు హాస్టల్‌ను సరదాగా జైలు అంటుంటారు. ఆ అమ్మాయి జైలు చూసి వచ్చాక ఆ మాట మానేసిందని రాస్తే అబద్ధమవుతుంది. పప్పు పలచగా ఉన్న రోజున ఆమె కూడా అంటూనే ఉండేది.

రెండోది, నేరం చేసినవాళ్ల మీద జాలి చూపితే ఆ నేరంవల్ల నష్టపోయినవాళ్ల మాటేమిటన్నది. ఇది న్యాయమైన ప్రశ్న. ఖైదీల్లో నిజంగా ఘోరాలు చేసినవారు ఉండవచ్చు. వాళ్లవల్ల తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడు కూడా మన తరగతిలోనే ఉండవచ్చు. అందుకే జైలుకు వెళ్లే విద్యార్థి అక్కడ తీర్పు చెప్పకూడదు. శిక్ష వెయ్యడానికీ తగ్గించడానికీ కోర్టు ఉంది. అయితే నాలుగేళ్ల పిల్లవాడి మీద ఏ కేసూ లేదు. వాడి విషయంలో ఎటు వైపు ఉండాలన్న సందేహం ఎవరికీ రానక్కరలేదు.

మూడోది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అభ్యంతరం. ఇది జంతు ప్రదర్శనశాలకు వెళ్లినట్టు అయిపోతుందేమోనన్నది. జరుగుతున్నది చాలాసార్లు అదే. పండుగనాడు మిఠాయి పొట్లాలతో వెళ్లడం, "మంచిగా బతకండి" అని ఒక ఉపన్యాసం ఇవ్వడం, గేటు ముందు బ్యానర్ పట్టుకుని ఫొటో దిగడం. మనం వెళ్లి చూడవచ్చు గానీ, చూడొద్దని చెప్పే వీలు ఆ ఆడవాళ్లకు ఉండదు. అందుకని కొన్ని నియమాలు పెట్టుకోవాలి.

పదిమందికి మించి వెళ్లకూడదు. పదకొండు, పన్నెండు తరగతులవారైతే మంచిది. ఇష్టపడి అడిగినవారినే, ఇంట్లో అనుమతి తీసుకుని పంపాలి. లోపల ఫొటోలు వద్దు, బయట బ్యానర్ వద్దు, పత్రికకు వార్త వద్దు. "మీరేం చేశారు?" అని ఎవరినీ అడగకూడదు. ఎవరి పేరూ, కేసూ బయటికి వచ్చాక చెప్పకూడదు. మనల్ని కలవడం ఇష్టమేనా అని ముందే జైలు అధికారుల ద్వారా వాళ్లను అడిగించాలి. ఇష్టంలేనివాళ్లను వదిలేయాలి. చేతులూపుకుంటూ వెళ్లకుండా ఏదైనా పనితో వెళ్లాలి. పిల్లలకు కథ చదివి వినిపించడం, బొమ్మలు గీయించడం, ఒక ఆట నేర్పడం. నీతిబోధ మాత్రం అక్కరలేదు.

వెళ్లే ముందు తరగతి గదిలో రెండు గంటలు కూర్చుని కొంత చట్టం నేర్చుకోవాలి. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయసహాయం అందాలి. జాతీయ న్యాయసేవాధికార సంస్థ సహాయ నంబరు 15100. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి నేరారోపణ ఎదుర్కొంటున్న విచారణ ఖైదీ ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే బెయిలుకు అర్హత వస్తుంది. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలకు ఇది వర్తించదు. ఇతర కేసులు పెండింగులో ఉన్నవారికి కూడా వర్తించదు. ఇవన్నీ పరీక్షల్లో రావు. కానీ రేపు మీ ఊళ్లో ఎవరికైనా ఆపద వస్తే ఇంట్లో చదువుకున్న బిడ్డ మీరే. ఏ తలుపు తట్టాలో మీకు తెలిసి ఉండాలి.

జైలు గోడల లోపల చూసినదాన్ని మరచిపోకుండా పనిలో పెట్టినవాళ్లు మనకు ముందే ఉన్నారు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకెళ్లారు. మదురై, వెల్లూరు జైళ్లలో గడిపారు. తమ మీద ఉన్న కేసేమిటో, తమకున్న దారేమిటో తెలియని ఆడఖైదీలను ఆమె అక్కడ చూశారు. న్యాయశాస్త్రం చదవాలన్న ఆమె పట్టుదలకు ఆ రోజులే కారణమని ఆమె జీవితం గురించి రాసినవారు చెబుతారు. తర్వాత ఆమె న్యాయవాది అయ్యారు. ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు.

ఇంకొకరు షీలా బార్సే అనే పత్రికా రచయిత్రి. ఆమె బొంబాయి సెంట్రల్ జైలులో పదిహేను మంది మహిళా ఖైదీలతో మాట్లాడారు. వారిలో ఐదుగురు పోలీసు లాకప్పులో తమను కొట్టారని చెప్పారు. ఆమె ఆ సంగతి సుప్రీంకోర్టుకు లేఖగా రాశారు. ఆ లేఖనే కోర్టు పిటిషనుగా తీసుకుంది. మహిళలకు ప్రత్యేక లాకప్పులు ఉండాలని, వాటికి మహిళా కానిస్టేబుళ్లే కాపలా ఉండాలని, మహిళా పోలీసుల సమక్షంలోనే ప్రశ్నించాలని 1983లో తీర్పు వచ్చింది. ఒక మనిషి లోపలికి వెళ్లి చెవి ఒగ్గి విని, విన్నది సరైన చోట రాసినందువల్ల వచ్చిన మార్పు ఇది. మన పిల్లలు అంత పని చెయ్యకపోవచ్చు. కానీ వినడం, విన్నది పెంచకుండా తుంచకుండా రాయడం భాషా ఉపాధ్యాయులుగా మేము నేర్పవలసిన విద్యలే.

ఇక బడి సంగతి. జైలుకు పదిమందిని పంపడం ఒక రోజు పని. ఆ పిల్లవాడు మన దగ్గరికి వచ్చిన రోజుకు బడిని సిద్ధం చెయ్యడం రోజూ చెయ్యవలసిన పని.

ఉపాధ్యాయులుగా మనకు కొన్ని అలవాట్లున్నాయి. అల్లరి చేసిన పిల్లవాడితో "రేపు మీ అమ్మను తీసుకురా, లేకపోతే లోపలికి రాకు" అంటాం. తరగతి మధ్యలో నిలబెట్టి "మీ నాన్న ఏం చేస్తాడు? మీ అమ్మ ఎక్కడ?" అని అడుగుతాం. దొంగతనం జరిగితే మొదటి చూపు కొందరి మీదికే వెళుతుంది. "ఇలాగే ఉంటే చివరికి జైలుకే పోతావు" అని తిడతాం. తల్లి జైల్లో ఉన్న పిల్లవాడు ఆ మాట విని తలొంచుకుంటే, మందలింపు పనిచేసిందనుకుంటాం. పిల్లల్ని శారీరకంగా శిక్షించడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదని అదే చట్టం 14వ సెక్షన్ చెబుతోంది.

కాబట్టి ప్రవేశ దరఖాస్తులో జన్మస్థానం దగ్గర ఊరి పేరు ఉంటే చాలు. అది ఆ ఊళ్లో ఏ ఇల్లు, ఏ వీధి అని ఎవరూ గుచ్చిగుచ్చి అడగవద్దు. సంరక్షకుడిగా తాతయ్యో, పిన్నో, ఆశ్రమం వార్డెనో సంతకం చేస్తే "అమ్మ రాలేదేం?" అని పదిమందిలో అనవద్దు. వారానికొకసారి తల్లిని చూసే హక్కు ఆ బిడ్డకు ఉందని కోర్టే చెప్పింది గనక, ఆ పూట సెలవు అడిగితే కారణం గడిలో "ఇంటి పని" అని రాసుకుని పంపించాలి. మాతృ దినోత్సవం పేరుతో "మా అమ్మ" అని వ్యాసం రాయించేటప్పుడు, "మా ఇంట్లో నాకిష్టమైనవారు" అని ఇంకో అంశం కూడా ఇవ్వాలి. వీటిలో దేనికీ నిధులు అక్కరలేదు, పైనుంచి ఉత్తర్వులూ అక్కరలేదు.

విద్యార్థులారా, మిగిలినది మీ చేతుల్లో ఉంది. టీచర్లు చూడని చోట బడిని నడిపేది మీరే. డార్మిటరీలో, మెస్ వరుసలో, ఆటస్థలంలో ఎవరి రహస్యం ఎవరికి చేరాలో మీరే నిర్ణయిస్తారు. ఒకరి ఇంటి సంగతి మీ చెవిన పడితే దాన్ని అక్కడే ఆపగలగడం పెద్ద మర్యాద. మీలో చాలామంది వేరే రాష్ట్రానికి వెళ్లి, వేరే భాషలో తడబడి, నలుగురి నవ్వుల మధ్య నిలబడి వచ్చినవాళ్లే. ఆ అనుభవం ఈ దేశంలో చాలామంది పిల్లలకు లేదు, మీకు ఉంది.

ఏదో ఒక రోజు ఏదో ఒక తరగతిలో ఒక కొత్త పిల్లవాడు లేచి, తన అమ్మ దగ్గర నేర్చుకున్న మాటల్లోనే హాజరు పలుకుతాడు. ఆ మాట వెంటనే ఎవరూ దిద్దనక్కరలేదు. నెల తిరిగేసరికి తోటి పిల్లలతో ఆడుకుంటూ వాడే నేర్చుకుంటాడు. ఆ నెల రోజులూ ఎవరూ నవ్వకుండా ఉంటే చాలు.